చేత్తో చేసిన స్టీల్ తీగ నగలకి తుప్పు రాకుండా ఏం పూస్తున్నారు?

తీగమెలిక:

నమస్తే అందరికీ. నేను తీగతో నగలు చేస్తుంటాను, రాగి వెండి కాదు, మామూలు నల్ల స్టీల్ తీగ, అదే కాల్చి మెత్తబరిచి అమ్ముతారు కదా, చేత్తోనే వంగిపోయేది. ఆ నలుపూ, కొంచెం మోటుగా ఉండే ఆ తీరూ నాకు చాలా ఇష్టం, అందులో రంగు రాయి పెట్టి చుడితే వెండిలో రాని అందం వస్తుంది. ఇక సమస్య మీరు ఊహించిందే, తుప్పు. చేసినప్పుడు బాగుంటాయి, పెట్టెలో ఉన్నంతకాలం బాగుంటాయి, ఎవరైనా వేసుకోవడం మొదలుపెట్టాక మెడకి తగిలే చోట, చుట్లు దగ్గరదగ్గరగా ఉన్న చోట ఎర్ర మచ్చలు వచ్చేస్తున్నాయి. లేత రంగు బట్టల మీద మరక కూడా పడుతోందట.

ఇప్పటిదాకా నేను చేస్తున్నది పని అయ్యాక గుడ్డతో తుడిచి కుట్టుమిషన్ నూనె కొంచెం రాయడం, అంతే. అది జిడ్డుగా ఉంటుంది, పైగా ఎన్నాళ్లో నిలవదు. నెట్‌లో వెతికితే ఒకళ్లు మైనం అంటారు, ఒకళ్లు లక్కర్, అదే ఆరితే గట్టిపడే పారదర్శకమైన వార్నిష్ లాంటిది, అంటారు, ఒకళ్లు నెయిల్ పాలిష్ చాలు అంటారు, ఇంకొకళ్లు అసలు స్టెయిన్‌లెస్‌కి మారిపో గొడవ వదిలిపోతుంది అంటారు. నాకేమో నలుపు పోకూడదు, వేసుకున్నవాళ్ల ఒంటికి పడాలి, రాళ్లు పాడవకూడదు. ఇవన్నీ కుదిరే దారి ఏమన్నా ఉందా? చదివి చెప్పేవాళ్లు కాదు, చేసి చూసినవాళ్లు చెప్పండి ప్లీజ్.

పట్టకారు:

దారి ఉంది కానీ ముందే ఒక మాట చెప్తానండి, పూత ఏదైనా సరే ఒకసారి వేసి మర్చిపోయేది కాదు. మామూలు స్టీల్ అంటే ఇనుమే, దానికి గాలీ తేమా కలిసి తగిలితే తుప్పు పడుతుంది, మనం చేసేదల్లా మధ్యలో ఒక అడ్డం పెట్టడం. ఆ అడ్డం అరిగిపోతూ ఉంటుంది, మళ్లీ పెట్టాలి. అల్యూమినియం మీద కూడా ఆక్సైడే వస్తుంది కానీ అది గట్టిగా అతుక్కుని లోపలి లోహాన్ని కాపాడుతుంది, ఇనుము తుప్పు అలా కాదు, గుల్లగా ఉంటుంది, ఇనుము కంటే ఎక్కువ చోటు తీసుకుని పొరలు పొరలుగా లేస్తుంది, కింద మళ్లీ కొత్త ఇనుము బయటపడుతుంది, అందుకే ఒకసారి మొదలైతే ఆగదు. దీనికి చెమట తోడైందంటే ఇంక చెప్పక్కర్లేదు, అందులో ఉప్పు ఉంటుంది, లాక్టిక్ యాసిడ్ ఉంటుంది, ఉప్పు ఆరిపోయాక కూడా అక్కడే కూర్చుని గాల్లో తేమని లాగుతూ ఉంటుంది. మీ లాకెట్ పెట్టెలో బాగుండి మెడలో పాడవడానికి కారణం అదే.

ఇంకో సంగతి, చాలామంది ఏం పూయాలి అని అడుగుతారు గానీ పూసే ముందు ఏం చేయాలి అని అడగరు. నన్నడిగితే పనిలో ముప్పావు వంతు అక్కడే ఉంది. ఆ నల్ల తీగ మీద ఉండే నలుపు పూర్తిగా పూత కాదండి, కాల్చినప్పుడు ఏర్పడిన ఆక్సైడ్ పొర, దాని మీద ఫ్యాక్టరీ నూనె, మసి, అన్నీ కలిసి ఉంటాయి. మీరు దాని మీదే మైనం రాసినా లక్కర్ కొట్టినా అది తీగని పట్టుకోదు, ఆ జిడ్డుని పట్టుకుంటుంది. బట్టల మీద మరక కూడా కొంత తుప్పు వల్ల, కొంత ఈ మసి వల్లే అనుకుంటా.

నేను చేసే పద్ధతి చెప్తాను. తీగని చుట్టకముందే కావలసినంత కత్తిరించుకుని బాగా సన్నరకం స్టీల్ ఊల్, నాలుగు సున్నాల నంబరు ఉంటుంది, దాన్ని మడతపెట్టి అందులోంచి తీగని లాగుతాను, రెండు మూడు సార్లు లాగితే పైన పొడిపొడిగా ఉన్న మసి వెళ్లిపోయి ముదురు బూడిద రంగు మిగులుతుంది, నలుపు మొత్తం పోదు, భయపడకండి. తర్వాత గుడ్డ మీద ఆల్కహాల్ గానీ ఎసిటోన్ గానీ వేసి, గుడ్డ తెల్లగా వచ్చేదాకా తుడవాలి. స్టీల్ ఊల్‌కి కూడా తుప్పు రాకుండా నూనె పూసి అమ్ముతారు, అది మన తీగకి అంటుతుంది, అందుకని ఊల్ తర్వాతే ఆల్కహాల్, ముందు కాదు. ఇక్కడి నుంచి ఉత్త చేతులతో ముట్టుకోవడం తగ్గించాలి. వేలిముద్ర పడ్డచోట సరిగ్గా వేలిముద్ర ఆకారంలోనే తుప్పు రావడం మీరూ చూసే ఉంటారు.

వస్తువు పూర్తయ్యాక మళ్లీ ఒకసారి ఆల్కహాల్‌లో ముంచి తీసి, హెయిర్ డ్రయ్యర్‌తో వేడి చేస్తాను. పట్టుకుంటే చురుక్కుమనాలి కానీ పట్టుకోగలగాలి, ఆ మాత్రం వేడి. అప్పుడు మైనం రాస్తే కరిగి చుట్ల మధ్యలోకి తనంతట తనే పాకుతుంది. చల్లటి తీగ మీద రాస్తే పైపైనే ఉండిపోతుంది, మీకు తుప్పు వస్తోంది అంటున్న చోటికి, అంటే చుట్ల సందుల్లోకి అసలు చేరదు. రాసి, చల్లారనిచ్చి, మెత్తటి గుడ్డతో రుద్ది, మర్నాడు ఇంకో పొర. అంతే.

మైనంలో ఏది అంటే నేను మైక్రోక్రిస్టలిన్ వ్యాక్స్, అంటే పెట్రోలియం నుంచి తీసే ఒక రకం మైనం, వాడతాను. రెనసాన్స్ వ్యాక్స్ అని డబ్బాలో వస్తుంది, బ్రిటిష్ మ్యూజియం ల్యాబ్‌లో పాత వస్తువుల్ని కాపాడటానికి రూపొందించిన రకం అది. తేనెమైనం కూడా పని చేస్తుంది కానీ అందులో కొద్దిగా ఆమ్లగుణం ఉంటుంది, మెత్తన కూడా, వేడికి జిగటగా అవుతుంది. ఒక జాగ్రత్త, డబ్బాలో పేస్టులా వచ్చే వ్యాక్సుల్లో మండే సాల్వెంట్ ఉంటుంది, స్టవ్ మంట దగ్గర వద్దు, కిటికీ తీసి పెట్టుకోండి.

నిగనిగ:

ఇంత తతంగం ఎందుకండీ బాబూ, ట్రాన్స్‌పరెంట్ నెయిల్ పాలిష్ రెండు కోట్లు వేస్తే అయిపోతుంది. నేను చెవి కమ్మలకి అదే వేస్తా, ఏ గొడవా లేదు. లేదంటే క్లియర్ యాక్రిలిక్ స్ప్రే. మైనం అయితే మాటిమాటికీ రాస్తూ కూర్చోవాలి, కొన్నవాళ్లు రాస్తారా చెప్పండి?

ఇనుపగజ్జె:

@నిగనిగ కమ్మలకి పనిచేస్తది, ఎందుకంటే వేలాడే కమ్మ దేనికీ రాసుకోదు, వంగదు, చెమట పెద్దగా తగలదు. చేతి గాజుకి వేసి చూడండి, అప్పుడు తెలుస్తది. తీగ వంగినప్పుడల్లా పాలిష్ పొర వంగలేక చిట్లుతది. చిట్లినచోట సన్న గీత పడితే చాలు, తేమ దాంట్లో నుంచి దూరి పొర కిందనే పాకుతది, పైన అద్దం లాగ మెరుస్తనే ఉంటది, కింద పురుగు తిరిగినట్టు వంకర గీతలు పడతయి. అప్పుడు ఆ పొర మొత్తం ఎసిటోన్ పెట్టి గీకి తీసి మళ్లీ మొదటినుంచి చేసుడే. మైనం పోతే పోయినచోట మళ్ల రాస్తే సరిపోతది, పాతది తీసే పని లేదు. నా లెక్కల అదే పెద్ద తేడా.

లక్కర్ వద్దని అంటలేను. వేసేటట్టయితే స్ప్రేనే వేయండి, పల్చగా, ఒకటే సారి తడిసిపోయేటట్టు కాదు, దూరం నుంచి పొగలాగా కొట్టి ఆరనిచ్చి మళ్ల కొట్టాలె. వస్తువుని దారానికి వేలాడగట్టి తిప్పుతూ కొడితే వెనక వైపు కూడా పడతది. వాన పడుతున్న రోజు, గాల్లో తేమ బాగా ఉన్న రోజు కొట్టకండి, పొర పాలలాగా తెల్లబడతది. ఇంక చుట్ల లోపల పడకపోవుడు దీనికి పెద్ద లోపం, స్ప్రే ఎదురుగా ఉన్నదానికే అంటుతది కదా, సందుల్లకి పోదు. కొందరు ముందు లక్కర్ కొట్టి దానిపైన మైనం రాస్తరు, అది మంచి పద్ధతే. ఉల్టా మాత్రం చేయొద్దు, మైనం మీద లక్కర్ నిలవదు.

నిగనిగ:

గాజుల సంగతి నిజమే, నేను కమ్మలు తప్ప చేయను. కానీ మైనం రాసుకోవాలి అని కొన్నవాళ్లకి చెప్పడం ఎలాగో నాకైతే ఇప్పటికీ అర్థం కాదు, నగ కొనుక్కుంటారా డ్యూటీ కొనుక్కుంటారా?

తీగమెలిక:

అందరికీ థ్యాంక్స్, పట్టకారు గారూ మీరు చెప్పిన వేడి చేసి రాయడం నాకు అస్సలు తట్టలేదు, నేను చల్లటి దాని మీదే నూనె రాస్తున్నా. ఇంకొన్ని అనుమానాలు, విసుక్కోకండి. ఒకటి, రాళ్లు చుట్టడానికి నేను సన్న రాగి తీగ వాడతాను, పెద్ద ఫ్రేమ్ స్టీలు, చుట్టుడు రాగి, ఆ నలుపు మీద ఎరుపు బాగుంటుందని. గమనిస్తే తుప్పు ఎక్కువగా ఆ రాగి చుట్టిన దగ్గరే వస్తోంది, ఇది నా భ్రమా? రెండు, చెవి హుక్కులు కూడా ఇదే తీగతో చేయొచ్చా? మూడు, ఏ పూత పనిచేస్తోందో తెలుసుకోవాలంటే ఎవరో వేసుకుని పాడయ్యేదాకా ఆగాల్సిందేనా, ఇంట్లోనే ఏదన్నా టెస్ట్ ఉందా?

ఉప్పునీళ్లు:

రాగి సంగతి భ్రమ కాదండి. రెండు వేరువేరు లోహాలు ఒకదానికొకటి తగులుతూ, మధ్యలో ఉప్పు తడి ఉంటే అది చిన్న బ్యాటరీ అవుతుంది, అందులో రాగి క్షేమంగా ఉంటుంది, ఇనుము కరుగుతుంది. ఇనుము ఒంటరిగా ఉన్నప్పటి కంటే రాగి పక్కన ఉన్నప్పుడు వేగంగా తుప్పు పడుతుంది. వెండితో చుట్టినా, ఇత్తడితో చుట్టినా ఇదే వరస. దానికి తోడు చుట్టు అంటేనే సందు, అక్కడ చేరిన చెమట ఆరదు, అంటే మీరు బ్యాటరీ పెట్టి దానికి నీళ్లు కూడా నిలవ ఉంచుతున్నారు.

అలాగని ఆ జోడీ మానక్కర్లేదు, చూడటానికి అది నిజంగా బాగుంటుంది. రెండిటి మధ్యా పొర ఉండేలా చూడండి. అంటే ఫ్రేమ్ స్టీల్‌కి ముందే లక్కరో మైనమో పూర్తిగా పట్టించి, ఆరాక దాని మీద రాగి చుట్టండి, తర్వాత మొత్తానికి మళ్లీ వేడి చేసి మైనం. ఎనామిల్ పూత ఉన్న రాగి తీగ, మోటార్ వైండింగులో వాడే రకం, అది దొరికితే ఇంకా మంచిది, దాని మీద పూత ఎలాగూ ఉంటుంది కాబట్టి రాగి నేరుగా ఇనుముకి తగలదు, చుట్టేటప్పుడు గోకుపోకుండా చూసుకుంటే చాలు. ఇక్కడ చాలామంది తిరగేసి ఆలోచిస్తారు, పూత ఒక్కదానికే వేసే వీలుంటే కరిగిపోతున్న ఇనుముకే వేద్దాం అనుకుంటారు, నిజానికి ఇనుముకి వేసిన పూతలో సూదిమొన అంత బెజ్జం ఉన్నా దెబ్బంతా ఆ బెజ్జం మీదే పడుతుంది, లోతుగా తినేస్తుంది. అందుకే రాగికి కూడా వేయండి అనేది.

టెస్ట్ చాలా సులువు. అదే తీగ ముక్కలు కొన్ని తీసుకుని ఒక్కోదానికీ ఒక్కో పూత వేయండి, ఒకటి ఏమీ వేయకుండా ఉత్తది ఉంచండి, ఇది తప్పనిసరి, లేకపోతే దేనితో పోలుస్తారు? ముక్కలు తిన్నగా ఉన్నవి కాదు, మీరు నిజంగా చేసేలాగే మెలికలు తిప్పి రాగి కూడా చుట్టినవి పెట్టండి. గ్లాసు నీళ్లలో చెంచాడు ఉప్పు కలిపి టిష్యూ తడిపి వాటిని చుట్టి మూత ఉన్న డబ్బాలో రాత్రంతా వదిలేయండి. ఉత్త ముక్క పొద్దున్నకే టిష్యూకి ఎర్ర మరక పెడుతుంది. మిగతావాటిలో ఏది ముందు మరక పెడుతుందో, ఎక్కడ పెడుతుందో చూడండి. కోసిన కొనల దగ్గరా చుట్ల దగ్గరే ముందు వస్తుంది, అది చూశాక మీ చెయ్యి ఎక్కడ పొరపడుతోందో మీకే తెలుస్తుంది. ఇది చెమట కంటే కఠినమైన పరీక్షే, కాబట్టి ఇందులో ఒక్క రాత్రి తట్టుకుంటే ఇన్ని నెలలు నిలుస్తుంది అని లెక్క కట్టకండి, ఏది దేనికంటే మేలు అన్నంతవరకే.

చెవి హుక్కుల గురించి స్టెయిన్‌లెస్ వాడేవాళ్లు ఎవరన్నా చెప్తే మంచిది.

వెండిలాంటిది:

నన్నే పిలిచినట్టుంది :)

చెవిలోకి వెళ్లే భాగం మామూలు స్టీల్‌తో చేయకండి, ఏ పూత వేసినా సరే. రంధ్రంలో ఎప్పుడూ తేమే, పెట్టి తీసేటప్పుడు రాపిడి, మైనం అక్కడ ఎంతసేపు ఉంటుంది? హుక్కులు మాత్రం 316ఎల్ స్టెయిన్‌లెస్, లేదా టైటానియం, నయోబియం. నయోబియంని కరెంటుతో రంగులు వచ్చేలా చేస్తారు, ముదురు రంగు హుక్కు కావాలంటే అది మీ నల్ల నగకి నప్పుతుంది కూడా.

స్టెయిన్‌లెస్ ఎందుకు తుప్పు పట్టదంటే అందులో కనీసం 10.5 శాతం క్రోమియం ఉంటుంది, అది గాలికి పైన కంటికి కనపడని పొర కడుతుంది, గీత పడితే మళ్లీ తనే కట్టుకుంటుంది. 304 అనే రకంలో సుమారు 18 శాతం క్రోమియం 8 శాతం నికెల్. 316లో వాటితో పాటు 2 నుంచి 3 శాతం మాలిబ్డినం కూడా కలుపుతారు, ఉప్పుకి తట్టుకునేది దానివల్లే, అందుకే ఒంటి మీద వేసుకునేవాటికి అది మేలు. పేరు చివర ఎల్ అంటే కార్బన్ తక్కువ అని, 0.03 శాతం దాటదు.

నికెల్ పడనివాళ్లు దీన్ని చూసి భయపడతారు. లోపల నికెల్ ఎంత ఉంది అన్నది కాదు, బయటికి ఎంత వదులుతుంది అన్నది లెక్క. యూరప్ రూల్స్‌లో కూడా కొలిచేది అదే, చర్మానికి ఎక్కువసేపు తగిలేవాటికి వారానికి చదరపు సెంటీమీటరుకి 0.5 మైక్రోగ్రాములు, కుట్టిన రంధ్రంలో పెట్టేవాటికి 0.2 దాటకూడదు. మంచి 316ఎల్ మామూలుగా చాలా తక్కువే వదులుతుంది, అయినా ఎలర్జీ బాగా ఉందని తెలిసినవాళ్లకి నేను టైటానియమే ఇస్తాను, వాదన దేనికి.

పూర్తిగా స్టెయిన్‌లెస్‌కి మారిపోమని మాత్రం నేను చెప్పను. చేతులు అరిగిపోతాయి. వంచుతున్నకొద్దీ గట్టిపడిపోతుంది, ఒకసారి తప్పుగా వంచితే తిన్నగా చేయడం కష్టం, ప్లయర్స్ కూడా మంచివి కావాలి, రాగికి వాడే నిప్పర్స్‌తో కోస్తే వాటి అంచు నొక్కులు పడిపోతుంది. కొనేటప్పుడు సాఫ్ట్ అనీల్డ్, అంటే కాల్చి మెత్తబరిచినది, అని అడగండి, గేజ్ నంబరు చూసి మోసపోకండి, 20 గేజ్ అంటే ఒక పద్ధతిలో 0.81 మిల్లీమీటర్లు, ఇంకో పద్ధతిలో 0.91, అందుకని మిల్లీమీటర్లే అడగాలి. ఇంకా అది మెరుస్తుంది, మీకు కావలసిన నలుపు రాదు. అయస్కాంతం పెట్టి స్టెయిన్‌లెస్సా కాదా అని తేల్చేవాళ్లు ఉన్నారు, తీగ విషయంలో అది నమ్మకండి, 304ని సన్నగా లాగినప్పుడు కాస్త అయస్కాంతానికి అంటుకునే గుణం వస్తుంది.

ఒక్క ముఖ్యమైన సంగతి, మామూలు స్టీల్‌కి వాడిన ఊల్, బ్రష్షు, ఆకురాయి స్టెయిన్‌లెస్ మీద వాడకండి. వాటి నుంచి రాలిన ఇనుప రజను స్టెయిన్‌లెస్‌లో గుచ్చుకుని అక్కడ తుప్పు చుక్కలు వస్తాయి, మీరేమో స్టెయిన్‌లెస్ పేరుతో నకిలీ అంటగట్టారని షాపువాడితో గొడవపడతారు.

పట్టకారు:

వెండిలాంటిది గారు చెప్పినదానికి ఇంకొకటి కలుపుతా, జీఐ తీగ, అంటే జింక్ పూత ఉన్నది. దాంట్లో జింక్ తను ముందు అరిగిపోతూ ఇనుముని కాపాడుతుంది, కోసిన కొన దగ్గర కూడా కొంతమేర కాపాడుతుంది, రాగికి పూర్తిగా తలకిందులు అన్నమాట. తెల్లటి బూడిదలాంటి మచ్చలు వస్తాయి కానీ ఎర్ర తుప్పు రావడానికి చాలాకాలం పడుతుంది. రంగు నచ్చదు మీకు, అది వేరే సంగతి. ఎవరు వాడినా దాన్ని టార్చ్‌తో కాల్చడం మాత్రం వద్దు, జింక్ పొగ పీలిస్తే జ్వరం వచ్చి వణికిస్తుంది, వెల్డింగ్ చేసేవాళ్లకి ఇది బాగా తెలుసు.

అవిసెనూనె:

ఆలస్యంగా వచ్చాను కానీ నలుపు కావాలి అన్నారు కాబట్టి ఎవరూ చెప్పని దారి ఒకటి చెప్తాను, ఇనుప దోసె పెనాన్ని పదును పట్టించినట్టే తీగని కూడా పట్టించొచ్చు. శుభ్రం చేసిన తీగ వస్తువుకి అవిసె నూనె పల్చగా, అంటే రాసి మళ్లీ పొడిగుడ్డతో అంతా తుడిచేసినట్టే తుడవాలి, అంత పల్చగా రాసి ఓవెన్‌లో 200 నుంచి 230 డిగ్రీల దగ్గర గంటసేపు ఉంచి ఓవెన్‌లోనే చల్లారనివ్వాలి. నూనె ఆవిరైపోదు, గట్టిపడి ప్లాస్టిక్ లాంటి పొరగా మారుతుంది, రంగు ముదురు గోధుమ నుంచి నలుపుకి వస్తుంది. ఇలా కొన్నిసార్లు చేస్తే పొర మీద పొర కట్టి, చేత్తో పట్టుకుంటే జిడ్డు లేకుండా పట్టులా ఉంటుంది. ఎక్కువ రాస్తే మాత్రం బొట్లు బొట్లుగా బంకలా మిగిలిపోతుంది, అందరూ చేసే పొరపాటు అదే. దానిపైన మైనం రాస్తే ఇంకా మంచిది. వంగే గాజుకి కూడా లక్కర్ కంటే ఇది మేలు అని నా అభిప్రాయం, పొర చాలా పల్చన కదా.

కానీ ఇదంతా రాళ్లు పెట్టకముందే. ముత్యం, ఓపల్, టర్కాయిస్, అంబర్ లాంటివి ఆ వేడికి చచ్చిపోతాయి, గట్టి రాయి కూడా లోపల చిన్న పగులు ఉంటే చిట్లుతుంది. ఫ్రేమ్ ముందు పదును పట్టించి తర్వాత రాయి అమర్చండి. పొగ వస్తుంది, కిటికీలు తీసి పెట్టండి. అన్నిటికంటే ముఖ్యం, అవిసె నూనె తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి మూల పడేయకండి, ఆ నూనె గాలికి గట్టిపడేటప్పుడు వేడి పుడుతుంది, ముద్దగా ఉంటే ఆ వేడి బయటికి పోలేక తనంతట తనే అంటుకుంటుంది. నీళ్లలో ముంచి పారేయండి, లేదా బయట పరిచి ఆరనిచ్చి పారేయండి. భయపెట్టడానికి చెప్తున్నది కాదు, వడ్రంగి షాపులు ఇలా కాలిపోవడం ఉంది.

కొంతమంది మంటలో కాల్చి నీలం రంగు తెప్పిస్తారు, 220, 230 దగ్గర లేత గడ్డి రంగు, 290, 300 దాకా వెళ్తే నీలం. చాలా బాగుంటుంది కానీ అది రంగే, రక్షణ కాదు, ఆ పొర పల్చన, మైనం లేకపోతే అదీ తుప్పు పడుతుంది.

ఇనుపగజ్జె:

నీలం రంగు కోసమని తుపాకులకు వాడే కోల్డ్ బ్లూయింగ్ సీసాలు కూడా దొరుకుతయి, జల్దీ పనైతది గానీ చాలావాటిల్ల సెలీనియం ఉంటది, విషం. ఒంటికి తగిలే వస్తువుకి నేనైతే వాడను.

తీగమెలిక:

అవిసెనూనె గారూ ఇది నాకోసమే రాసినట్టుంది, నలుపూ దక్కుతుంది జిడ్డూ ఉండదు. ఫ్రేముకి ఇది, రాయి పెట్టాక డ్రయ్యర్‌తో కొంచెం వేడి చేసి మైనం, హుక్కులు స్టెయిన్‌లెస్, రాగి బదులు ఎనామిల్ తీగ. ఇదీ ప్లాన్. ముందు ఉప్పునీళ్ల టెస్ట్ పెట్టి చూస్తాను. మరి ఇప్పటికే తుప్పు పట్టి వెనక్కి వచ్చినవి కొన్ని ఉన్నాయి, వాటిని బాగుచేయొచ్చా, పారేయాల్సిందేనా? కొన్నింట్లో రాళ్లు తీయడానికి రావు.

ఉప్పునీళ్లు:

తుప్పు ఎంత లోతు వెళ్లిందో చూడండి ముందు. పైపైన ఎర్రపొడి మాత్రమే అయితే సన్న స్టీల్ ఊల్‌కి చుక్క నూనె పెట్టి రుద్దితే పోతుంది, తర్వాత ఆల్కహాల్, వేడి, మైనం, మామూలే. గోటితో గీకితే పొలుసులు లేస్తూ తీగ సన్నబడి కనిపిస్తే దాన్ని వదిలేయండి, బరువు మోసే చోట అయితే ఎలాగూ తెగుతుంది.

రాళ్లు లేనివాటికి వెనిగర్‌లో నానబెట్టొచ్చు, కానీ సన్న తీగ కాబట్టి రాత్రంతా మర్చిపోకండి, గంటకోసారి తీసి బ్రష్ చేసి చూస్తుండండి, ఆమ్లం తుప్పు అయిపోయాక ఇనుముని కూడా తింటుంది. తీశాక బేకింగ్ సోడా కలిపిన నీళ్లలో ముంచి, కడిగి, ఆ వెంటనే ఆల్కహాల్‌లో ముంచి డ్రయ్యర్ పెట్టాలి. వెంటనే అంటే నిజంగానే వెంటనే, అప్పుడే శుభ్రపడిన ఇనుము తడిగా ఉంటే కళ్లముందే మళ్లీ పసుపెక్కుతుంది. ఒకవేళ మీది మెత్త తీగ కాక పియానో తీగలాంటి గట్టి స్ప్రింగు రకం అయితే ఆమ్లంలో పెట్టకండి, హైడ్రోజన్ లోపలికి దూరి పెళుసెక్కుతుంది, వంచగానే పుటుక్కున విరుగుతుంది. ముత్యం, టర్కాయిస్, పగడం ఉన్నవాటిని అసలు వెనిగర్ దగ్గరికే రానివ్వొద్దు, ముత్యం పగడం రెండూ కాల్షియం కార్బనేటే, కరిగిపోతాయి.

రాయి తీయరాని వస్తువుకి ఇంకో దారి, తుప్పుని తీయడం కాదు, మార్చడం. చిక్కటి టీ డికాషన్, పాలూ పంచదారా లేనిది, అందులో ఉండే టానిన్ తుప్పుతో కలిసి నీలం కలిసిన నలుపు అవుతుంది. పొడిపొడిగా ఉన్నది దులిపేసి సన్న బ్రష్షుతో తుప్పు ఉన్నచోట మాత్రమే రాసి, ఆరాక మళ్లీ రాస్తే ఎరుపు పోయి నల్లబడుతుంది. మీది ఎలాగూ నల్ల నగ కాబట్టి అతుకు తెలియదు. ఇది పూర్తి రక్షణేం కాదు, పైన మైనం ఉండాల్సిందే.

నిగనిగ:

టీ సంగతి భలే ఉంది, నోట్ చేసుకున్నా. ఇంతకీ నా ప్రశ్నకి ఎవరూ జవాబు చెప్పలేదు, కొన్నవాళ్లకి ఏం చెప్తారు?

వెండిలాంటిది:

ఉన్నదే చెప్పండి, ముందే చెప్పండి. ఇది మామూలు స్టీలు, స్నానానికి ఈతకి తీసేయండి, సెంటూ లోషనూ రాసుకున్నాక ఆరనిచ్చి వేసుకోండి, తీసినప్పుడు పొడిగుడ్డతో తుడిచి జిప్ కవర్‌లో పెట్టండి అని చిన్న కార్డు మీద రాసి ఇస్తాను. కవర్‌లో తేమ పీల్చే సిలికా జెల్ పొట్లం ఒకటి వేస్తాను, రంగు మారే రకం అయితే ఎప్పుడు తడి ఎక్కిందో వాళ్లకే తెలుస్తుంది, ఓవెన్‌లో 120 దగ్గర కాసేపు పెడితే మళ్లీ పనికొస్తుంది. గుళికలు మాత్రమే, ప్లాస్టిక్ కవరుతో సహా పెట్టకండి. ఇంకా అగ్గిపెట్టె అంత డబ్బాలో కాస్త మైనం కూడా ఇస్తాను. అది రాసుకోవడం చాలామందికి ఇష్టమే అండి, తోలు చెప్పులకి పాలిష్ వేసుకునే మనుషులు ఉంటారు కదా, వాళ్లే ఇలాంటి నగ కొనేది. మెరవాలి, పట్టించుకోకూడదు అనేవాళ్లకి నేను స్టెయిన్‌లెస్‌దే చూపిస్తాను.

అవిసెనూనె:

పైన గాజు గురించి ఒకటి మర్చిపోయా, తీగ కొనలు. కోసిన కొనని ఆకురాయితో గుండ్రంగా రుద్దాక అక్కడ పూత ఉండదు, తుప్పు మొదట మొలిచేది అక్కడే. కాబట్టి రుద్దడం ముందు, నూనె ఓవెన్ తర్వాత. రాయి అమర్చేటప్పుడు కొత్తగా కోసిన కొన ఏదన్నా ఉంటే దానికి మైనం రెండోసారి తాకించండి, ఒక్కోసారి నేను అక్కడ మాత్రం చుక్క లక్కర్ పెడతాను, ఎలాగూ కొన వంగదు కదా.

నిగనిగ:

అంటే నెయిల్ పాలిష్‌కి కొనల దగ్గర ఉద్యోగం దొరికిందన్నమాట :)

తీగమెలిక:

దొరికింది :) టెస్ట్ ముక్కలు ఇప్పుడే తయారుచేస్తున్నా, ఉత్త తీగ, ఉత్త మైనం, నెయిల్ పాలిష్, అవిసె నూనె, అవిసె నూనె మీద మైనం, అన్నిటికీ సగం దూరం రాగి సగం ఎనామిల్ రాగి చుట్టాను. ఫొటోలు రేపు ఇదే థ్రెడ్‌లో పెడతాను.